కృపావతి తెచ్చిన సాక్షి

యేసుదానం తన సర్వీసులో ఒక్క రూపాయి లంచం ముట్టుకోలేదు. ఈ మాట కృపావతి ఎవరి మొహం మీదైనా చెప్పగలదు. కాకపోతే లంచం ఇచ్చేవాళ్ళు వచ్చినప్పుడు అతను లేచి టీకి వెళ్ళేవాడు. ఈ రెండో మాట ఆమె ఎవరితోనూ అనలేదు. చాలాకాలం తన మనసులో కూడా అనుకోలేదు.

వన్ టౌన్లో, హార్బరుకి కాస్త ఇవతల, ఒక పాత మేడలో ఉండేది ఆ సర్కారు ఇంజినీరింగు ఆఫీసు. దాని పేరు చెప్పినందువల్ల ఇప్పుడు ఎవరికీ ఒరిగేదేమీ లేదు. యేసుదానం అక్కడ బిల్లుల గుమస్తా. అతని పైన ఇంజినీరు గురునాథరావుగారు. గట్టిగా మాట్లాడి ఎరగరు, ఎవరినీ కసిరి ఎరగరు. ఆయన కూడా డబ్బు చేత్తో ముట్టుకునేవారు కాదు, అసలు కిటుకంతా అక్కడే ఉంది. కాంట్రాక్టరు గుమ్మంలో కనపడగానే "యేసుదానం, టీ తాగొచ్చావటయ్యా" అని అడిగేవారు. అది ప్రశ్న కాదని ఆఫీసు బంట్రోతుకి కూడా తెలుసు. యేసుదానం లేచి వెళ్ళేవాడు. తాళం లేని అతని సొరుగులో కాంట్రాక్టరు కవరు పెట్టి పోయేవాడు. భోజనం వేళ అందరూ లేచాక ఇంజినీరుగారు ఏదో ఫైలు వెతుక్కుంటూ ఆ బల్ల దగ్గరికి వచ్చేవారు. ఆ వేళ దాటేదాకా గుమస్తా తన సొరుగు తను తెరిచేవాడు కాదు. తుమ్మొచ్చినా అటూ ఇటూ చూసి తుమ్మే రకం యేసుదానం. పైవాడు పొమ్మంటే పోవడం, రమ్మంటే రావడం, ఉద్యోగం అంటే అతనికి తెలిసింది అంతే.

కృపావతి అలా కాదు. అల్లిపురంలో ఒక మిషను బడిలో మూడో తరగతి టీచరు, ఆదివారాలు సండే స్కూలు టీచరు. వీధి దీపం వెలగకపోతే కరెంటాఫీసుకి తనే వెళ్ళి, మనిషిని వెంటబెట్టుకుని గాని తిరిగొచ్చేది కాదు. పూర్ణా మార్కెట్లో తూకం రాళ్ళు తిరగేసి చూసి గాని సంచీ చాపేది కాదు. తనవల్ల కాని పనులు కూడా లోకంలో ఉంటాయని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదు. ఈ గుణమే వాళ్ళ కొంప ముంచిందనడం అన్యాయం. అయినా తర్వాత రోజుల్లో ఆమె ఆ మాటే అనుకునేది.

సత్యం వాళ్ళ చర్చి సంఘం మనిషే. ఆటోనగర్లో చిన్న షెడ్డు, రెండు పాత లారీలు. ఆ ఆఫీసు పనులకి గ్రావెలు తోలేవాడు. కృపావతిని అక్కా అనీ, యేసుదానాన్ని బావ అనీ పిలిచేవాడు. 1978 వేసవిలో అతని బిల్లులు ఇంజినీరుగారి దగ్గర ఆగిపోయాయి. లారీల మీద అప్పిచ్చినవాళ్ళు బళ్ళు లాక్కుపోతామని షెడ్డుకొచ్చి కూర్చున్నారు. ఇక లాభం లేదని తెగించి, లంచం కేసులు పట్టే శాఖకి వెళ్ళి ఇంజినీరు మీద ఫిర్యాదు ఇచ్చాడు. యేసుదానం పేరు అందులో లేదు.

అంతకుముందు ఆ శాఖవాళ్ళు నోట్ల నంబర్లు రాసుకుని పట్టుకునేవారు. పట్టుబడ్డవాడు, అవి నా జేబులోకి ఎలా వచ్చాయో నాకు తెలీదని దులిపేసుకునేవాడు. అందుకని పౌడరు పద్ధతి వచ్చింది. నోట్లకి కంటికి ఆనని తెల్లటి పొడి పూస్తారు. ఆ నోట్లు పట్టినవాడి చేతులు సోడా కలిపిన నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబి రంగుకి తిరుగుతాయి. ఇంక నాకు తెలీదనడానికి ఉండదు. సత్యం జేబులో నోట్లు పెట్టేటప్పుడు అధికారులు గట్టిగా చెప్పారు. పని కాగానే బయటికొచ్చి తువ్వాలుతో మొహం తుడుచుకో, మేం వస్తాం. ఈలోగా ఎవరినీ తాకొద్దు, ఎవరికీ చెయ్యివ్వొద్దు.

లోపల అంతా ఎప్పటిలాగే జరిగింది. ఇంజినీరుగారు టీ సంగతి అడిగారు, యేసుదానం లేచి వెళ్ళాడు. ఆయన గడ్డంతో సొరుగు వైపు చూపించారు. సత్యం నోట్లు అందులో పెట్టి వరండాలోకి వచ్చాడు. ఎదురుగా యేసుదానం మెట్లెక్కి వస్తున్నాడు. వాళ్ళ సంఘంలో మనిషికి మనిషి ఎదురైతే చెయ్యి చాచి, రెండో చెయ్యి కూడా దానిమీద వేసి "వందనాలు" అంటారు. పెళ్ళిలోనైనా, సమాధుల తోటలోనైనా, బస్సు కోసం పరిగెత్తేటప్పుడైనా అంతే. సత్యం చేతులు వాటంతట అవే ముందుకెళ్ళాయి. "వందనాలు బావ" అన్నాడు. యేసుదానం ఆ చేతుల్ని తన రెండు చేతుల్లోకీ ఆప్యాయంగా తీసుకున్నాడు. ఆ తర్వాతే సత్యం గోడ వారకి వెళ్ళి తువ్వాలు తీశాడు.

అధికారులు బిలబిలమంటూ వచ్చారు. ఇంజినీరుగారి చేతులు ముంచితే నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. సొరుగు లాగితే నోట్లున్నాయి. సొరుగెవరిదన్నారు. యేసుదానం చేతులు ముంచగానే గ్లాసు ఎర్రబడింది.

"ఇదేటి" అన్నాడు యేసుదానం తన చేతులకేసి చూసుకుంటూ. తర్వాత కాస్త తేరుకుని, సత్యం తనకి చెయ్యిచ్చాడని చెప్పాడు. అధికారి సత్యం వైపు తిరిగి, ఎవరికైనా చెయ్యిచ్చావా అని అడిగాడు. వద్దన్న పని చేశానంటే తనని కూడా లోపలేస్తారని సత్యం భయపడ్డాడు. లేదండి అన్నాడు.

సర్కారు ఉద్యోగిని కోర్టుకి లాగాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి. గుమస్తాకి అనుమతిచ్చేవాళ్ళు దగ్గరలోనే ఉంటారు కనక అది చప్పున వచ్చేసింది. ఇంజినీరుగారి ఫైలు హైదరాబాదు వెళ్ళింది. వెళ్ళి ఎవరి బల్ల మీద పడుకుందో గాని మళ్ళీ లేవలేదు. ఆయన అదే ఆఫీసులో, అదే కుర్చీలో ఉండగా, యేసుదానం సస్పెండై అల్లిపురంలో అద్దింటి వసారాలో కూర్చున్నాడు. అన్నం కలిపేముందు అరచేతులు వెలుతురుకి తిప్పి చూసుకునేవాడు. సబ్బులు అరగదీసేవాడు. వాళ్ళు గుడి అనే చర్చికి వెళ్ళడం మానేశాడు, ఎందుకంటే అక్కడికి వెళితే పదిమంది చేతులు చాస్తారు. కృపావతికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి. ఈ మనిషి ఇలా కూర్చుని కూర్చుని ఏదో ఒకరోజు తనకి దక్కకుండా పోతాడని భయపడేది.

ద్వారకా నగర్లో కొత్తగా కట్టిన మేడ మీద ఉండేవాడు లాయరు భీమశంకరరావు. కృష్ణా జిల్లా మనిషి. ఉన్నమాట మొహం మీద చెప్పేస్తాడని పేరు.

"చేతికి రంగొచ్చింది, సొరుగులో డబ్బు దొరికింది. ఈ రెండూ ఉంటే అది లంచమేనని కోర్టు అనుకుంటుందమ్మా, చట్టం అలాగే ఉంది. కాదని చూపించుకోవాల్సింది మనమే."

"ఆ టయిముకి ఈన టీ కొట్టు దగ్గరున్నారండి. కొట్టువోడు సెప్తాడు" అంది కృపావతి.

"చెబుతాడు. మరి కాంట్రాక్టరు వచ్చినప్పుడే టీకెందుకు వెళ్ళావు, ఇంతకుముందు ఎన్నిసార్లు వెళ్ళావు అని మీ ఆయన్ని అడుగుతారు. ఏం చెబుతారు?"

యేసుదానం నేలచూపులు చూశాడు. కృపావతి అతని మొహం చూసి, ఇన్నాళ్ళూ తను అడగని సంగతి అడక్కుండానే తెలుసుకుంది. ఇంటికొచ్చాక కూడా ఆ ఊసెత్తలేదు.

"మీకు ఒక్కటే దారి" అన్నాడు లాయరు. "చెయ్యిచ్చానని ఆ సత్యం కోర్టులో తన నోటితో చెప్పాలి."

అప్పట్నించి కృపావతికి ఆటోనగర్ రెండో బడి అయిపోయింది. బడి వదలగానే బస్సెక్కేది. షెడ్డులో సత్యం ఉండేవాడు కాదు. ఇంటికెళ్తే అతని భార్య దేవకుమారి తలుపు సగమే తీసేది. "ఆయన అనకాపల్లి ఎల్లారు అక్కా" అనేది, లోపల సత్యం దగ్గుతుంటే. కృపావతి అరుగు మీద కూర్చునేది. చీకటి పడ్డాక లేచి వచ్చేసేది. మర్నాడు మళ్ళీ వెళ్ళేది. దేవకుమారికే సిగ్గేసి ఒకరోజు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. "ఆయనకి నిద్దర లేదు అక్కా. అంతకుమించి నన్నేటీ అడక్కు" అంది. కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. సంవత్సరాలు గడుస్తున్నాయి. ఆ ఇంటి తలుపు మాత్రం సగానికి మించి తెరుచుకోలేదు.

గుడిలో ఒక సంగతి ఆమె కంట పడింది. నెలకోసారి ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం, రొట్టె ముక్క అందరికీ పంచే వేళకి, సత్యం వెనక బెంచీలోంచి లేచి బయటికి పోతున్నాడు. సహోదరుడితో లెక్క తేలనివాడు బల్లలో చెయ్యి వెయ్యకూడదని వాళ్ళ నమ్మకం. కొందరు పట్టించుకోరు. సత్యం పట్టించుకున్నాడు. యేసుదానం పట్టుబడ్డ నాటినుంచీ అతను బల్ల తీసుకోలేదు. అతన్ని కదిలించే దారి దొరికిందనుకుంది కృపావతి. ఆ వారమే పాస్టరు సుందర్ రాజ్‌గారి ఇంటికి వెళ్ళి అంతా చెప్పింది. కోర్టు సంగతులు మనకెందుకమ్మా అని ఆయన జంకాడు. ఇది కోర్టు సంగతి కాదు, ఒక మనిషి ఆత్మ సంగతి అని ఆమె పట్టుబట్టింది. ఆమె పట్టుబడితే పాస్టరుగారేమిటి, ఎవరైనా దిగిరావలసిందే.

తర్వాతి బల్ల ఆదివారం సత్యం లేవబోతుంటే పాస్టరుగారు పేరు పెట్టి పిలిచారు. సత్యం తడబడుతూ ముందుకొచ్చాడు. నీ హృదయంలో ఏముందో చెప్పు నాయనా అనగానే, అంత మనిషీ చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. "బావకి నానే సెయ్యిచ్చాను. పౌడరు నా సేతుల్దే. బయపడి లేదన్నాను" అన్నాడు. బైబిలు మీద చెయ్యి వేసి, కోర్టులో అడిగితే దేవుడి సాక్షిగా ఉన్నదున్నట్టు చెబుతానని సంఘం ఎదుట ప్రమాణం చేశాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇంటికి వెళ్ళి కృపావతి సంగతి చెబితే, యేసుదానం చాలాకాలానికి నవ్వి, ఈ పూట చేపలు తెద్దామా అన్నాడు.

మర్నాడే ద్వారకా నగర్ పరిగెత్తింది. లాయరు అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అప్పుడు ఎవరెవరున్నారమ్మా అక్కడ?"

"సంగమంతా ఉందండి."

"పాస్టరుగారితో మాట్లాడింది మీరేనా?"

"నానేనండి. మరింకెవరు మాటాడతారు."

"నాతో ఒక్క మాట ముందు చెప్పాల్సింది" అన్నాడు భీమశంకరరావు. "అతను కోర్టులో మాట మారుస్తాడు. ఎందుకు మార్చావని సర్కారు ప్లీడరు పట్టుకుంటాడు. ముద్దాయి భార్య వెళ్ళి, చర్చిలో అందరి ముందూ నిలబెట్టి, ప్రమాణం చేయించుకుందని తేలిందనుకోండి. అతను చెప్పింది నిజమే కావచ్చు, జడ్జి దాన్ని గడ్డిపరకలా పక్కన పెట్టేస్తాడు. మీరు సాక్షిని తయారు చేసుకొచ్చారంటాడు."

"నాను తయారు సెయ్యడం ఏటండి. ఆడి నోట్లోంచి నిజం తెచ్చాను."

"నాకు తెలుసమ్మా. కోర్టుకి తెలీదు. ఒకటే పని చెయ్యండి. ఎవరైనా నీతో మాట్లాడారా అని అడిగితే లేదు, నా అంతట నేనే వచ్చి చెబుతున్నాను అనమనండి. ఆ ఒక్క ముక్క అంటే చాలు."

ఆమె మళ్ళీ బస్సెక్కింది. నిజం చెప్పమని కాళ్ళరిగేలా తిరిగిన ఇంటికి, ఇప్పుడు అబద్ధం ఆడమని వెళుతోంది. ఈసారి తలుపు పూర్తిగా తెరుచుకుంది. సత్యం చెయ్యి చాచి వందనాలు చెప్పాడు, కుర్చీ వేశాడు. బల్ల తీసుకున్నాక కంటినిండా నిద్రపడుతోందని చెప్పాడు. ఆమె లాయరు మాట మెల్లగా బయటపెట్టింది. అతని మొహం వాడిపోయింది.

"అంటే ఏటక్కా. ప్రమాణం సేసి, ఆ ప్రమాణమే సెయ్యలేదని సెప్పాలా?"

"ఒక్క ముక్క, సత్యం. అడిగితేనే."

"నువ్వేగదక్కా నన్ను ముందుకి రప్పించావు. మల్లీ అబద్దంలోకే ఎల్లమంటే ఎలా ఎల్తాను. ఇన్నాల్లూ ఆ ఒక్క అబద్దంతోటే సచ్చాను నాను. నువ్వు బెంగెట్టుకోకు. నిజం సెప్పినోడికి దేవుడున్నాడు."

అతని కాళ్ళు పట్టుకుందామా అనుకుంది. దేవకుమారి గుమ్మంలో నిలబడి చూస్తోంది. కృపావతి లేచి వచ్చేసింది. ఇంట్లో ఈ సంగతేదీ చెప్పలేదు. యేసుదానం ఆ నెలలో కాస్త కోలుకున్నాడు, చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

1983లో విచారణ మొదలైంది. ఆనాటి నీళ్ళు సీలు వేసిన సీసాలో తెచ్చి బల్ల మీద పెట్టారు. రంగు వెలిసిపోయి మామూలు నీళ్ళలా ఉన్నాయి. కృపావతికి ఆశ పుట్టింది గాని, రంగు వచ్చిందని అప్పుడే రాసిన రిపోర్టు ఉందని, అదే చాలని సర్కారు ప్లీడరు చెప్పాడు. ఇంజినీరు గురునాథరావుగారు సర్కారు తరఫు సాక్షిగా వచ్చి, తన కింద పనిచేసే గుమస్తా ఇలాంటివాడని కలలో కూడా అనుకోలేదని బాధపడ్డారు. బాధపడి, జడ్జిగారికి నమస్కారం పెట్టి కిందికి దిగారు. ఆ మనిషిని అక్కడే జుట్టు పట్టుకుని ఈడ్చాలన్నంత కోపం వచ్చింది కృపావతికి. చీర కొంగు గుప్పిట్లో నలుపుకుంటూ కూర్చుంది.

సత్యం బోనెక్కాడు. ఇంజినీరుగారు సొరుగు చూపించింది చెప్పాడు, తను నోట్లు పెట్టింది చెప్పాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే, వరండాలో బావకి చెయ్యిచ్చానని, పౌడరు అలా అంటిందని చెప్పాడు. యేసుదానం కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చాడు. సర్కారు ప్లీడరు చటుక్కున లేచి, ఈ సాక్షి మాకు ఎదురు తిరిగాడు, నేనే ప్రశ్నలు వేస్తానని అనుమతి తీసుకున్నాడు.

"ఎవరికీ చెయ్యివ్వొద్దని అధికారులు చెప్పారా, లేదా?"

"సెప్పారండి."

"మరెందుకిచ్చావు?"

"అలవాటండి. మా సంగంలో ఎవరు ఎదురైనా సెయ్యిత్తామండి."

"ముద్దాయిది మీ సంఘమేనన్నమాట. ఆ రోజు అధికారి అడిగితే చెయ్యివ్వలేదన్నావు. ఇన్నేళ్ళ తర్వాత ఇచ్చానంటున్నావు. ఈ మాట మొదట ఎక్కడ చెప్పావు?"

"గుడిలోనండి. సంగం ముందు."

"ఎవరు చెప్పమంటే చెప్పావు?"

సత్యం జనంలో వెతికి కృపావతిని చూశాడు. ఆమె చూపులతోనే బతిమాలింది. కుర్చీలో కూర్చోలేకపోయింది. అతను ఆమెకి ధైర్యం చెబుతున్నట్టు తలూపాడు.

"మా అక్కండి. ఆరి ఇంటావిడ. అక్క పాస్టరుగారికి సెప్పింది, ఆరు పిలిసారు, నాను బైబిలు మీద సెయ్యేసి ప్రమాణం సేసాను."

"ముద్దాయి భార్య. ఆ తర్వాత కూడా నీతో మాట్లాడిందా?"

భీమశంకరరావు అభ్యంతరం అంటూ లేచాడు. జడ్జిగారు కూర్చోమన్నారు.

"మాటాడిందండి. గుడి సంగతి సెప్పొద్దంది. నాను అలా కుదరదన్నాను."

ప్లీడరు ఇంకేమీ అడగలేదు. అడగవలసిన అవసరం లేకపోయింది. యేసుదానం కళ్ళు తెరిచి భార్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే ఆమె తట్టుకునేది.

తీర్పు రోజున జడ్జిగారు ఇంగ్లీషులో చదివారు. సంఘం ఒత్తిడి అన్న మాట, ముద్దాయి భార్య అన్న మాట కృపావతికి అర్థమయ్యాయి. ఏడాది జైలు అన్నదీ అర్థమైంది. అప్పీలుకి వెళ్ళొచ్చు, బెయిలుకి జామీనుదారులు కుదిరేదాకా మాత్రం లోపల ఉండాలని భీమశంకరరావు చెప్పాడు. గుడిలో కళ్ళు తుడుచుకున్నవాళ్ళని ఆ సాయంత్రమే అడిగింది. ఎవరికి వాళ్ళకి ఉద్యోగాలున్నాయి. కోర్టు కాగితాల మీద సంతకం అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాని అది తర్వాతి మాట.

ఆ మధ్యాహ్నం కోర్టు వరండాలో ఇద్దరు కానిస్టేబుళ్ళు యేసుదానాన్ని మధ్యలో పెట్టుకుని మెట్లు దింపారు. ఇస్త్రీ చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు. వ్యాను వెళ్ళిపోయింది. కృపావతి స్తంభం పట్టుకుని నిలబడింది. సత్యం వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అతను వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"నాను నిజమే సెప్పాను గదక్కా. ఒక్క ముక్క కూడా దాసలేదు."

కృపావతి అతనికేసి చూసింది. ఈ మనిషి కోసం ఎన్ని సాయంత్రాలు ఆ అరుగు మీద కూర్చుందో, ఈ నోటి వెంట ఈ మాట రావాలని ఎంత ప్రార్థన చేసిందో ఆమెకి తెలుసు. అడిగింది అడిగినట్టే దొరికింది.

"దాసాల్సింది, సత్యం" అంది. "ఆ ఒక్క ముక్క దాసుంటే మీ బావ నాతో ఇంటికొచ్చీవోరు."

అన్నాక, అంత ఏడుస్తున్న మనిషిని చూస్తూ కూడా, ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఆమెకి అనిపించలేదు.